కట్టు తప్పిన ఇనుము

హైటెక్ సిటీ కంపెనీలు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు పది పన్నెండు పేజీల పీడీఎఫ్‌గా ఫోన్‌లోకి వచ్చిపడుతుంది. అందరూ ముందు వెతికేది ఎర్ర అంకెలనే. ఎస్‌జీపీటీ కాస్త ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. సైబరాబాద్‌లో వీటికి ఇప్పుడెవరూ ఉలిక్కిపడటం లేదు, పక్క సీటు అతనికీ అవే ఉంటాయి కాబట్టి. ఆ వరసలోనే ఎక్కడో 'ఫెరిటిన్' అన్న పేరు పక్కన పైకి చూపే బాణం గుర్తు కనిపిస్తే మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఐరన్ ఎక్కువుంటే మంచిదే కదా డాక్టర్ గారూ? మా ఇంట్లో అందరికీ తక్కువుందని మాత్రలు రాస్తుంటారు!"

ప్రశ్న న్యాయమైనదే. మన ఇళ్లలో ఇనుమంటే బలం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మాదాపూర్‌లో ఏ అద్దాల బిల్డింగులోకి వెళ్లినా, ఒక ఇంజినీరు ఫెరిటిన్ ఎక్కువని కంగారు పడుతుంటే, అతని డెస్కు తుడిచే హౌస్‌కీపింగ్ అక్కకి హిమోగ్లోబిన్ తొమ్మిది దాటకపోవచ్చు. అన్నం తిన్న వెంటనే ఆమె తాగే చాయ్ తిండిలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు కూడా. ఒకే బిల్డింగులో ఒకరికి ఇనుము కరువు, ఇంకొకరికి ఇనుము బరువు.

కరువు సంగతి మనకు తెలుసు. బరువు ఏం చేస్తుంది? ఇనుము ఎక్కువైన కణం దెబ్బతింటుందని డాక్టర్లకు చాలాకాలంగా తెలిసినా, ఆ కణం సరిగ్గా ఏ దారిలో చస్తుందో విడమరిచి చెప్పగలిగింది మాత్రం 2012 తర్వాతే. ఇనుము లేకపోతే జరగని ఒక ప్రత్యేకమైన కణమరణాన్ని ఆ ఏడాది గుర్తించి, దానికి ఫెరాప్టోసిస్ అని పేరు పెట్టారు. మనం ఇనుపచావు అనుకుందాం. ఇందులో ఇనుము ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉంది, దేని పక్కన ఉంది అన్నదే అసలు విషయం. రిపోర్టులో బాణం గుర్తు చూసి కంగారు పడేవాళ్లూ, బలమని సంబరపడేవాళ్లూ ఇద్దరూ పొరపాటు పడేది ఇక్కడే.

నాలుగు గ్రాముల సంసారం

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుము మొత్తం కలిపితే 3, 4 గ్రాములు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎముక మజ్జ రోజూ కొత్త ఎర్రకణాలు తయారుచేయడానికి 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. తిండి నుంచి పేగులు తీసుకునేదేమో రోజుకు 1, 2 మిల్లీగ్రాములే. మిగతాదంతా పాత సరుకే. నాలుగు నెలలు తిరిగి అలసిన ఎర్రకణాలను ప్లీహంలోని భక్షక కణాలు విప్పదీసి, ఇనుమును మళ్లీ మజ్జకు పంపుతాయి.

ఈ సంసారంలో ఖర్చు పద్దు దాదాపు లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుము అలా పోదు. రాలిన చర్మం, ఊడిన పేగు పొర, నెలసరి రక్తం, గాయాలు తప్ప దానికి బయటికి దారి లేదు. అందుకే కట్టడి అంతా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే పెట్టుకుంది శరీరం. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను ఆ గుమ్మాన్ని అవసరాన్ని బట్టి తెరుస్తుంది, మూస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకునే ఐరన్ మాత్రకు ఆరోగ్యవంతులు భయపడాల్సిన పని లేనిది ఇందుకే. అదే మాత్రల డబ్బా ఇంట్లో చిన్నపిల్లల చేతికి చిక్కి, గుప్పెడు మింగేశారంటే కట్టడి చాలదు, ప్రాణం మీదికొస్తుంది. ఆ డబ్బాను ఎత్తున పెట్టమనేది అందుకే.

ఇంత కట్టడి ఎందుకు? ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను ఇట్టే ఇస్తుంది, ఇట్టే పుచ్చుకుంటుంది. ఆక్సిజన్‌ను మోయడానికీ, కణంలో శక్తి పుట్టడానికీ పనికొచ్చే గుణమూ అదే, కొంప ముంచే గుణమూ అదే. 1894లో కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక చిన్న విషయం ప్రకటించాడు. టార్టారిక్ ఆమ్లం, అంటే మన చింతపండుకు పులుపునిచ్చే ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపితే పెద్దగా మార్పేమీ రాదు. దానికి రవంత ఇనుము చేర్చితే మాత్రం ఆమ్లం చకచకా ఆక్సీకరణ చెందుతుంది. ఆ రవంత ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి, దేన్నైనా కొరికే ముక్కలను పుట్టిస్తుందని తర్వాత తేలింది. మన కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ నిత్యం కొంచెం కొంచెం తయారవుతూనే ఉంటుంది. దాని పక్కన విడి ఇనుము ఉండకూడదు.

అందుకే రక్తంలో ఇనుము ఒంటరిగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ రెండేసి పరమాణువులను పట్టుకుని తిప్పుతుంది. కణంలోకి వచ్చాక మిగులు ఇనుము ఫెరిటిన్ అనే గుల్లలోకి వెళ్తుంది. 24 ప్రొటీన్ ముక్కలు కలిసిన ఆ గుల్లలో 4,500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. గుల్లలో ఉన్నంతసేపు ఇనుము ఎవరి జోలికీ రాదు. ఎటూ కట్టకుండా మిగిలే ఇనుము చాలా కొద్ది. ఈ అధ్యాయంలో విడి ఇనుము అన్నప్పుడల్లా నేను చెప్పేది ఆ కొద్ది గురించే.

రిపోర్టులోని ఫెరిటిన్ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. రక్తంలో ఫెరిటిన్ పెరగడమంటే ఒంట్లో ఇనుము పెరిగిందనే కాదు. వాపు, ఇన్ఫెక్షను, కాలేయం దెబ్బతినడం, దేనివల్లనైనా అది పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో సీఆర్‌పీ, డీ-డైమర్‌లతో పాటు ఫెరిటిన్ అంకెను కూడా జనం ఫోన్లలో చెప్పుకునేవాళ్లు గుర్తుందా? అప్పుడు పేషెంట్లంతా ఇనుము తిని ఉన్నారని కాదు కదా. ఇనుము నిజంగా ఎక్కువో కాదో తెలియాలంటే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే మరో పరీక్ష కలిపి చూడాలి. అది 45 శాతం లోపే ఉండి ఫెరిటిన్ ఒక్కటే పెరిగితే, డాక్టరు ముందుగా అనుమానించేది కొవ్వునూ వాపునూ మద్యాన్నీ. పుట్టుకతోనే ఇనుము అతిగా పీల్చే హీమోక్రొమటోసిస్ జబ్బుకు యూరప్‌లో ఎక్కువగా కనిపించే జన్యుమార్పు మన దేశంలో బహు అరుదు.

మూకుట్లో మిగిలిన నూనె

పునుగులు వేశాక ఇనుప మూకుడు అడుగున కొంచెం నూనె మిగులుతుంది. వంచకుండా అలాగే వదిలేసి నాలుగు రోజుల తర్వాత మూత తీస్తే ముక్కవాసన గుప్పుమంటుంది. వేలితో తాకితే జిగటగా సాగుతుంది. అదే నూనెను స్టీలు డబ్బాలో వెలుతురు తగలకుండా పెట్టి ఉంటే ఇంకొన్నాళ్లు ఆగేది. ఇనుమూ రాగీ తగిలితే నూనె తొందరగా చెడుతుందన్నది నూనె మిల్లుల వాళ్లకు పాత సంగతి. ఎంత చెడిందో చెప్పడానికి వాళ్లు పెరాక్సైడ్ విలువ అని ఒక కొలత కూడా తీస్తారు.

మన కణంలో జరిగేది ఇదే చర్య. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో అల్లినది. ఆ కొవ్వుల్లో కొన్ని నెయ్యిలోని కొవ్వులాగా నిటారుగా, గట్టిగా ఉంటాయి. కొన్ని వంకరలు తిరిగి, మెత్తగా, కదులుతూ ఉంటాయి. కణపొర సాగాలన్నా వంగాలన్నా ఈ రెండో రకం కావాలి. మెదడు కణాల్లో ఇవి మరీ ఎక్కువ. కాకపోతే వీటి గొలుసులో పక్కపక్కనే ఉన్న రెండు జంట బంధాల మధ్య హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది. నెయ్యి నెలల తరబడి నిలవుండి, అవిసె గింజల పొడి కొన్ని వారాలకే వాసన కొట్టడానికి కారణం ఆ వదులే.

విడి ఇనుము పుట్టించిన ముక్క ఒకటి వచ్చి ఆ హైడ్రోజన్‌ను ఊడబీకుతుంది. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. అలా చెడిన కొవ్వు తన లోటు తీర్చుకోవడానికి పక్క గొలుసులోంచి హైడ్రోజన్ లాగుతుంది. అక్కడినుంచి పక్కదాని వంతు, ఆపైన దాని పక్కదాని వంతు. చెడిన కొవ్వు పెరాక్సైడ్‌గా మారి కాసేపు ఊరుకున్నా, మళ్లీ ఇనుము తగిలిందంటే చీలి రెండో చోట కొత్త వరస మొదలెడుతుంది. అంటే ఇనుము మొదలుపెట్టి తప్పుకోదు, ప్రతి మలుపులోనూ మళ్లీ మళ్లీ ఎగదోస్తుంది. చివరికి కణపొర బిగువు కోల్పోయి చిల్లులు పడుతుంది. నీరు లోపలికి తోసుకొస్తుంది. కణం ఉబ్బి పగులుతుంది.

సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో 'యాంటీఆక్సిడెంట్ 319' అని ఉంటుంది చూడండి. వరసగా సాగే ఈ చర్యలో అడ్డంపడి తన హైడ్రోజన్‌ను ఇచ్చేసి గొలుసును తెంపడం దాని పని. కణపొరలో అదే పని చేసేది విటమిన్ ఇ. ప్యాకెట్ నూనెకు ఆ ఒక్క రక్షణ చాలు, ఏడాదిలో వాడేస్తాం. డెబ్బై ఎనభై ఏళ్లు బతకాల్సిన శరీరానికి చాలదు.

మరమ్మతు ఆగితే

ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో ఫుల్వియో ఉర్సీని 1982లో పంది కాలేయం నుంచి ఒక ఎంజైమును వేరుచేశాడు. కొవ్వు పొరలు ముక్కిపోకుండా అది కాపాడుతోందని చూపించాడు. ఇప్పుడు దాన్ని జీపీఎక్స్ 4 అంటున్నారు. దీని గొప్పతనమేమిటంటే, చెడిన కొవ్వును పొరలోంచి పీకి పారేయకుండా, అది ఉన్నచోటే బాగుచేస్తుంది. ప్రమాదకరమైన పెరాక్సైడ్‌ను నిరపాయమైన ఆల్కహాల్ రకంగా మార్చి వదిలేస్తుంది. ఇక ఇనుము తగిలినా చీలడానికి అక్కడేమీ ఉండదు. ఈ ఎంజైము నడిమధ్యలో, అసలు పని జరిగే చోట, ఒకే ఒక్క సెలీనియం పరమాణువు ఉంటుంది. సెలీనియం శరీరానికి మైక్రోగ్రాముల్లోనే కావాలి, కానీ తప్పనిసరిగా కావాలి అనడానికి ఇదొక కారణం.

ఈ మరమ్మతుకు ఖర్చయ్యే సరుకు గ్లూటాథయోన్. మూడు అమైనో ఆమ్లాలతో కణం తనే తయారుచేసుకుంటుంది. ఆ మూడింటిలో సిస్టీన్‌కే కొరత. దాన్ని జంటగా, సిస్టిన్ రూపంలో బయటినుంచి లోపలికి తెచ్చుకునే ద్వారం ఒకటి కణపొరలో ఉంది. ద్వారం మూసుకుపోతే గ్లూటాథయోన్ అడుగంటుతుంది, అడుగంటితే జీపీఎక్స్ 4 చేతులెత్తేస్తుంది, అంతే, కొవ్వు ముక్కడం మొదలు.

గ్లూటాథయోన్ అడుగంటడం అనేది పుస్తకాల్లో మాటే కాదు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌ను మోతాదుకు మించి మింగినవాళ్ల కాలేయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదనే హద్దు అందుకే పెట్టారు. ఆసుపత్రిలో విరుగుడుగా ఎక్కించే ఎన్-అసిటైల్ సిస్టీన్ చేసే పని సిస్టీన్ అందించి గ్లూటాథయోన్ నిల్వను నింపడం. ఆ కాలేయ కణాలు చచ్చేది ఇనుపచావేనా? ఎలుకల్లో ఫెరాప్టోసిస్‌ను ఆపే రసాయనం ఇస్తే కాలేయం నిలిచిందని 2020లో ఒక పరిశోధన చూపించింది. ఈ రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్న కొందరు మాత్రం అది ప్రధాన కారణం కాదంటున్నారు. నా మటుకు నాకు ఈ తగువు తేలేదాకా ఆగడమే మంచిదనిపిస్తుంది. కొత్త పేరు దొరికినప్పుడల్లా పాత జబ్బులన్నిటికీ దాన్నే అంటించడం వైద్యంలో ఎప్పుడూ ఉన్న జాడ్యమే.

కాబట్టి ఇనుపచావుకు మూడూ ఒకచోట చేరాలి. విడి ఇనుము ఉండాలి, తేలిగ్గా ముక్కే కొవ్వు దాని పక్కనే ఉండాలి, మరమ్మతు ఆగాలి. ఒక్కటి తక్కువైనా చావు ఆగుతుంది. జీపీఎక్స్ 4 ఒక్కటే దిక్కు అని చాలాకాలం అనుకున్నారు. కోఎంజైమ్ క్యూ 10 సాయంతో కణపొరను కాపాడే ఎఫ్‌ఎస్‌పీ 1 అనే మరో ప్రొటీన్‌ను 2019లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. రక్తం గడ్డకట్టడానికి అవసరమని మనం చదువుకున్న విటమిన్ కె కూడా ఈ ప్రొటీన్ చేతిలో పడితే కొవ్వుకు రక్షణ అవుతుందని 2022లో తేలింది.

అంతుపట్టని మందు

ఇదంతా బయటపడింది ఇనుము మీద పరిశోధన చేస్తుండగా కాదు, క్యాన్సర్ మందు వెతుకుతుండగా. అమెరికాలో బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం వేల కొద్దీ రసాయనాలను క్యాన్సర్ కణాల మీద చల్లి చూసింది. రాస్ అనే జన్యువు చెడిన కణాలను మాత్రమే చంపి, మామూలు కణాలను వదిలేసేది కావాలి వాళ్లకి. 2003లో ఒకటి దొరికింది. ఎరాస్టిన్ అని పేరు పెట్టారు. మందు దొరికింది గానీ అది ఎలా చంపుతోందో అంతుపట్టలేదు.

అప్పటికి కణం పద్ధతి ప్రకారం చచ్చే తీరుగా అందరికీ తెలిసింది ఎపాప్టోసిస్. 1972లో పేరు పెట్టిన ఈ తీరులో కణం తనను తాను చిన్న మూటలుగా కట్టుకుంటుంది, పొరుగు కణాలు వాటిని మింగేస్తాయి, చుట్టూ వాపు రాదు. ఎరాస్టిన్ పడ్డ కణాలు ఇలా చావలేదు. ఎపాప్టోసిస్‌ను ఆపే మందులేవీ వాటిని కాపాడలేదు. కాపాడినవి రెండే రకాలు. ఒకటి విటమిన్ ఇ లాంటి, కొవ్వు ముక్కకుండా ఆపేవి. రెండోది డెస్ఫెరాక్సమీన్, అంటే ఇనుమును పట్టి కట్టేసే మందు. ఎరాస్టిన్ మూసేస్తున్నది మనం పైన చెప్పుకున్న సిస్టిన్ ద్వారాన్నే. స్కాట్ డిక్సన్, స్టాక్‌వెల్ తదితరులు 2012 మేలో 'సెల్' పత్రికలో ఫెరాప్టోసిస్ పేరుతో ఇదంతా ప్రకటించారు.

నిజానికి ఆధారాలు అంతకు ముందే కళ్లెదుట ఉన్నాయి. సిస్టిన్ లేని ద్రవంలో పెంచితే కణాలు చస్తాయని, విటమిన్ ఇ వేస్తే బతుకుతాయని జపాన్‌లో షిరో బన్నాయి 1977లోనే రాశాడు. పేరు లేకపోవడంతో ఎవరూ దాన్ని ఒక దారిగా చూడలేదు.

ఎపాప్టోసిస్‌కూ దీనికీ ఇంకో పెద్ద తేడా ఉంది. మూటకట్టుకుని చచ్చే కణం పొరుగుకు హాని చేయదు. ముక్కిపోయి పగిలిన కణం మాత్రం పొరుగును కూడా లాగుతుంది. తైవాన్ శాస్త్రవేత్తలు 2024లో 'నేచర్' పత్రికలో దీన్ని కొలిచి చూపించారు. చావు అలలాగా ఒక కణం నుంచి ఇంకో కణానికి నిమిషానికి దాదాపు 5.5 మైక్రోమీటర్ల చొప్పున, తగ్గకుండా పాకుతుంది. ఆ లెక్కన ఒక మిల్లీమీటరుకు మూడు గంటలు.

సైబరాబాద్ కాలేయం

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పక్కనే ఉన్న ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఫలితాలు వెల్లడించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మంది ఊబకాయులు. 34 శాతం మందిలో మెటబాలిక్ సిండ్రోమ్, అంటే నడుం చుట్టుకొలత, బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వు కలగలిపి పెరిగిన స్థితి. గంటల కొద్దీ కూర్చోవడం, నైట్ షిఫ్టులు, నిద్ర చాలకపోవడం, బయటి తిండి కారణాలుగా కనిపించాయి. ఆ ఏడాదే కేంద్ర ఆరోగ్య మంత్రి పార్లమెంటులో ఈ అంకెలు ప్రస్తావించారు. 345 మందిని చూసి సైబరాబాద్ మొత్తానికి అదే శాతం అంటగట్టలేం గానీ, రాత్రి పదకొండుకు కొండాపూర్‌లో బిర్యానీ పార్సిల్ కోసం నిలబడ్డ కంపెనీ ట్యాగులను చూసినవాళ్లకు ఆ అంకె మరీ వింతగా అనిపించదు.

ఆ అధ్యయనం ఫెరాప్టోసిస్‌ను కొలవలేదు. అయినా ఈ అధ్యాయానికి అది ఎందుకు కావాలంటే, కాలేయమే ఇనుముకు ప్రధాన గిడ్డంగి. కొవ్వు అక్కడే చేరుతోంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఫెరిటిన్ ఎక్కువగానో, కాలేయంలో కొద్దిగా ఇనుము పేరుకునో కనిపిస్తుంది. ఇనుమూ కొవ్వూ ఒకే గదిలో చేరాయన్నమాట. ఇక మిగిలింది మరమ్మతు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కాలేయ కణంలో బొట్లు బొట్లుగా నిలవయ్యే కొవ్వు దానంతటది వెంటనే చంపదు. చాలామందిలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కొందరిలో మాత్రం కణాలు చచ్చి, వాపు వచ్చి, మచ్చ కట్టి, సిర్రోసిస్ దాకా పోతుంది. ఈ రెండో దారి పట్టించేదేమిటన్నదే వైద్యులను వేధించే ప్రశ్న. జపాన్ పరిశోధకులు 2019లో ఎలుకలకు కాలేయాన్ని దెబ్బతీసే తిండి పెట్టి చూస్తే, వాపు మొదలవకముందు చచ్చిన తొలి కణాల్లో చాలావరకు ఇనుపచావు చచ్చినవే. దాన్ని ఆపే రసాయనం ముందే ఇస్తే వాపు రాలేదు. అంతకు మూడేళ్ల ముందు ఇంకో ప్రయోగంలో, కాలేయ కణాల్లో జీపీఎక్స్ 4 లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చచ్చాయి. వాటి తిండిలో విటమిన్ ఇ బాగా పెంచితే బతికాయి.

మనుషుల్లో? అమెరికాలో వాపు దశకు చేరిన, మధుమేహం లేని 247 మంది ఫ్యాటీ లివర్ పేషెంట్లతో జరిపిన పివెన్స్ అనే పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. రోజూ 800 యూనిట్ల విటమిన్ ఇ 96 వారాల పాటు తీసుకున్నవారిలో 43 శాతం మందికి కాలేయం మెరుగుపడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మెరుగుపడింది 19 శాతం మందికి. ఆ పరీక్ష చేసే నాటికి ఫెరాప్టోసిస్ అన్న పేరే లేదు. ఈ వాక్యం చదవగానే మెడికల్ షాపుకు పరుగెత్తేవాళ్లుంటారని తెలుసు కాబట్టి మిగతాది కూడా చెబుతాను. కాలేయం మీద కట్టిన మచ్చ విటమిన్ ఇతో తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఏళ్ల తరబడి రోజూ 400 యూనిట్లు ఇచ్చిన మరో పెద్ద పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. బరువు ఎక్కువున్నవాళ్లు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయ వాపు చాలామందిలో వెనక్కి మళ్లుతుంది. ఏ మాత్రకూ ఇంత మంచి పేరు లేదు, దానికి ప్రకటన ఇచ్చేవాళ్లే ఉండరు.

లాగేస్తే సరా?

ఇనుమే కదా ఎగదోసేది, దాన్ని బయటికి లాగేస్తే గొడవ వదిలిపోతుంది కదా? హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు జవాబును రోజూ చూసే చోటు ఒకటుంది. శివరాంపల్లిలోని థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ. 1998లో మొదలైంది. ఐటీ కంపెనీల రక్తదాన శిబిరాల్లో జనం ఇచ్చే రక్తం ఇలాంటి చోట్లకే చేరుతుంది. థలసీమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వస్తుంది. రోజుకు 1, 2 మిల్లీగ్రాములే లోపలికి రానిచ్చే శరీరం గుమ్మాన్ని తప్పించుకుని, సూది దారిన వస్తుంది. పోయే దారి ఎటూ లేదు. ట్రాన్స్‌ఫెరిన్ నిండిపోతుంది, ఫెరిటిన్ నిండిపోతుంది, ఆపైన వచ్చేదంతా విడి ఇనుమే. గుండె, కాలేయం, హార్మోను గ్రంథులు దానికి బలవుతాయి. మందులు లేని రోజుల్లో ఈ పిల్లల్లో చాలామంది ఇరవయ్యేళ్లు వచ్చేసరికే గుండె ఆగి పోయేవాళ్లు.

వాళ్లను కాపాడిన మొదటి మందు డెస్ఫెరాక్సమీన్. స్టాక్‌వెల్ ప్రయోగశాలలో కణాలను కాపాడిందే. దాన్ని మాత్రగా వేయడానికి కుదరదు. పొట్ట మీద చర్మం కింద సన్నని సూది గుచ్చి, అరచేతిలో పట్టే పంపుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటల సేపు బొట్టుబొట్టుగా ఎక్కించాలి. వారానికి అయిదారు రాత్రులు, పిల్లవాడు నిద్రపోతుండగా, అమ్మ పంపు కట్టి పడుకోవాలి. డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ మాత్రలు వచ్చాక ఈ కష్టం చాలావరకు తీరింది. ఇక్కడ ఇనుము లాగేయడమే వైద్యం. అందులో రెండో మాట లేదు.

ఇదే తర్కాన్ని ఫ్యాటీ లివర్‌కు వాడి చూశారు. ఆస్ట్రేలియాలో 74 మంది పేషెంట్లలో కొందరికి ఆరు నెలల పాటు విడతలుగా రక్తం తీసి ఇనుము తగ్గించారు. ఫెరిటిన్ తగ్గింది, కాలేయం మాత్రం ఏమీ మెరుగుపడలేదని 2015లో ప్రకటించారు. పార్కిన్సన్ జబ్బులో మెదడులో ఇనుము పేరుకుంటుందని తెలుసు కాబట్టి 372 మందికి డెఫెరిప్రోన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఎంఆర్ఐలో మెదడులోని ఇనుము తగ్గినట్టు కనిపించింది. పేషెంట్ల వణుకూ బిగువూ మాత్రం తగ్గకపోగా ఎక్కువయ్యాయి. ఎందుకై ఉంటుంది? పార్కిన్సన్‌లో లోపించేది డోపమీన్. డోపమీన్ తయారుచేసే ఎంజైముకు ఇనుము కావాలి. చెడ్డ ఇనుమును ఏరి, పనిచేసే ఇనుమును వదిలేయడం మందుకు తెలియదు.

ఏ ఇనుమును ఆపాలన్నదే కాదు, ఎప్పుడు ఆపాలన్నదీ ముఖ్యమే, గుండెపోటులో మరీను. మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంటు వేసి తెరిచాక, రక్తం మళ్లీ పారిన మొదటి నిమిషాల్లో ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. నాళం తెరవడం ప్రాణం నిలుపుతుంది, అందులో సందేహం లేదు. అయితే ఆ రక్తమే కొన్ని గుండె కణాలను ముక్కించి చంపుతుందని ఎలుకల్లో చూశారు. అడ్డుకోవాలంటే మందు ఆ నిమిషాల్లోనే, ఆ చోటికే అందాలి.

చావాల్సిన కణాలు

ఇంతవరకు ఇనుపచావును ఆపడం గురించే మాట్లాడాం. మొదట దాన్ని కనిపెట్టింది మాత్రం చంపడానికే అన్నది మరిచిపోకూడదు. క్యాన్సర్ కణాలు ఆబగా పెరుగుతాయి, ఇనుమును కూడా ఆబగానే లోపలికి లాక్కుంటాయి. కీమోథెరపీ తట్టుకుని ఒక మూల నక్కి, ఏళ్ల తర్వాత జబ్బును తిరగబెట్టే కణాలు కొన్ని ఉంటాయి. మామూలు మందులకు లొంగని ఇవి జీపీఎక్స్ 4 లేకపోతే ఒక్క పూట కూడా నిలవలేని స్థితికి చేరి ఉంటాయని 2017లో అమెరికాలో రెండు బృందాలు చూపించాయి. మన రోగనిరోధక శక్తిలోని టీ కణాలు క్యాన్సర్‌ను చంపే ఎత్తుల్లో ఇనుపచావు కూడా ఒకటని 2019లో తేలింది. కీళ్లవాతానికీ పేగుపూతకూ దశాబ్దాలుగా వాడుతున్న సల్ఫాసలజీన్ అనే చవక మందు ఎరాస్టిన్ మూసే ద్వారాన్నే మూస్తుంది. ప్రయోగశాల గిన్నెలో బాగానే పనిచేస్తుంది గానీ మనిషి ఒంట్లో ఆ పనికి దాని బలం చాలదు.

క్యాన్సర్ మందుల చరిత్రలో మనవాడొకడు ఇలాంటి లోటునే పట్టుకున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లలో అమెరికాలో రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించి, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా తన బృందంతోనే చేయించాడు. రక్తం పుట్టడానికి కావాల్సిన దాన్ని ఒకరికి అందించడం, లుకీమియా కణానికి అదే అందకుండా చేయడం. ఆ మందు నుంచి పుట్టిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

జీపీఎక్స్ 4 విషయంలో అంత సులువు కాలేదు. మ్యూనిక్‌లో మార్కస్ కాన్రాడ్ బృందం పెద్ద ఎలుకల ఒంట్లో ఆ ఎంజైమును ఒక్కసారిగా తొలగించి చూసింది. 2014లో వచ్చిన ఫలితం ప్రకారం కొద్ది రోజుల్లోనే వాటి మూత్రపిండాలు పనిచేయడం మానేసి చచ్చిపోయాయి. కణుతులను చంపడానికి ఈ ఎంజైమును అడ్డుకునే మందును నేరుగా రక్తంలోకి ఇస్తే, ముందు పడేది కిడ్నీలే కావచ్చు. అందుకే ఇప్పుడు పోటీ అంతా కొత్త రసాయనం కోసం కంటే, ఉన్న రసాయనాన్ని కణుతి ఉన్న చోటికి మాత్రమే చేర్చే ఉపాయం కోసం జరుగుతోంది. ఇనుపచావును రప్పించడానికి గానీ ఆపడానికి గానీ ఆ పేరు మీదే ఆమోదం పొంది మందుల షాపుకు చేరిన మందు ఇంకా ఒక్కటీ లేదు.